ఎవరి మాట? బధిరుల మానసిక చికిత్సాహక్కు: ఒక నైతిక పరిశీలన

‘చెవిటివాని ముందు శంఖమూదినట్లు’ అన్న సామెతలో నిష్ఫలతనంతా వినలేనివానికే అంటగట్టాం. శంఖాన్ని ఎంచుకున్నవానిని సామెత ప్రశ్నించదు. మానసిక చికిత్సలో బధిరులకు ఎదురయ్యే స్థితిని పరిశీలించేటప్పుడు ముందుగా ఈ పక్షపాతాన్నే గుర్తించవలసి ఉంటుంది.

శరీరవ్యాధికి రక్తపరీక్ష, ఎక్స్‌రే వంటి ఆధారాలుంటాయి. మనోవ్యాధి నిర్ణయానికి రోగి చెప్పుకున్న మాటే ప్రధానాధారం. ఆ మాట సైగలలో ఉన్నప్పుడు వైద్యుడు తరచుగా వెంట వచ్చిన తల్లినో, భర్తనో అడుగుతాడు. నైతిక సమస్య ఇక్కడే తలెత్తుతుంది. ఆమె బాధకు కారణం ఆ భర్తే అయినప్పుడు అతని నోటి ద్వారా ఆమె ఏమి చెప్పుకోగలదు? ప్రేమగల తల్లి విషయంలోనూ చిక్కు తీరదు. బిడ్డకు కలిగిన చావు తలంపును పలకడానికి ఆమెకు నోరు రాదు. “కాస్త దిగులుగా ఉంటోందట” అని మెత్తబరుస్తుంది. అబద్ధమాడాలన్న ఉద్దేశం ఆమెకు లేదు. అయినా వైద్యునికి చేరినది బిడ్డ మాట కాదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో మన ఆచారం కన్నా ముందున్నది. సమాచారాన్ని వ్యక్తికి అర్థమయ్యే సరళభాషలో గాని, సంజ్ఞాభాషలో గాని, దృశ్యసాధనాల ద్వారా గాని అందించాలని 4వ సెక్షన్ చెబుతుంది. నిర్ణయాన్ని సైగతోనూ తెలుపవచ్చునని అంగీకరిస్తుంది. 18వ సెక్షన్ వైకల్యం కారణంగా వివక్ష లేని చికిత్సను, 23వ సెక్షన్ గోప్యతను హక్కులుగా గుర్తించాయి. ఈ మూడింటినీ కలిపి చదివితే, బంధువును దుబాసీగా నిలిపినంత మాత్రాన హక్కు నెరవేరినట్లు కాదని నా అభిప్రాయం.

కాగితంపై రాసి అడగవచ్చు కదా అన్న వాదం ఉంది. పెద్దయ్యాక వినికిడి తగ్గిన అక్షరాస్యులకు అది చాలావరకు సరిపోతుంది. పుట్టుకతో వినికిడి లేక సైగలతోనే పెరిగినవారిలో చాలామందికి తెలుగు రెండో భాష. ‘గుండె బరువెక్కిందా?’, ‘మనసు విరిగిందా?’ అన్నవి వారికి నుడికారాలుగా తోచకపోవచ్చు. (తెలుగు బోధించే మనకు ఈ చిక్కు కొత్తది కాదు.) ‘ఎవరూ లేనప్పుడు మాటలు వినిపిస్తున్నాయా?’ అన్న ప్రశ్న మరీ విచిత్రం. పైగా సంజ్ఞాభాషలో కనుబొమల కదలిక, ముఖకవళిక వ్యాకరణాంశాలు; ఆ భాష ఎరుగని కంటికి అవి ఉద్రేకంగా కనిపించే ప్రమాదం ఉంది.

శిక్షణ పొందిన దుబాసీ వస్తే? మూడో మనిషి ఉన్నంతసేపు గోప్యత పూర్తి కాదన్నది న్యాయమైన ఆక్షేపణే. బధిర సమాజం చిన్నది. ఆ దుబాసీయే రేపు ఏ పెళ్లిలోనో, బ్యాంకులోనో ఎదురుపడవచ్చు. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రం రూపొందించిన నిఘంటువులో 2021 నాటికి 10,000 పదాలు చేరాయి. అది అవసరమైన పనే. కాని మూడో మనిషి అక్కర లేకుండా చేయగలిగినది సైగలెరిగిన మనోవైద్యుడే. అటువంటి శిక్షణ వైద్యవిద్యలో భాగమయ్యేవరకు, దుబాసీ కావాలో, రాతలో చెప్పుకోవాలో, ఎవరి సమక్షం వద్దో నిర్ణయించే అధికారం రోగికే ఉండాలి. చికిత్సాలయంలో మొదటి ప్రశ్న అదే కావాలి. వెంట వచ్చినవారిని బయటికి పంపిన తరువాతనే దానిని అడగాలి.