ఛాయాచిత్ర సంస్కారము

కెమెరా చేతబట్టిన ప్రతి గృహస్థునకును నేడు రెండవ విద్య యొకటి యవసరమగుచున్నది. మొదటిది ఫొటో తీయుట. రెండవది తీసిన ఫొటోను కంప్యూటరు మీద దిద్దుట. మొదటిదానిని గూర్చి యెవ్వరికిని ఆక్షేపణ లేదు. రెండవదానిని గూర్చి మాత్రము పెద్దలలో నొక యనుమానము కలదు. "ఉన్నది ఉన్నట్లు చూపుటకే గదా ఫొటో! దానిని దిద్దినచో నది యబద్ధము కాదా?" అని వారందురు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. అట్లని ఒక్కమాటతో తేలునదియు గాదు.

ముందుగా నొక భ్రమను తొలగించుకొందము. కెమెరా యెన్నడును ఉన్నది ఉన్నట్లు చూపలేదు. మండుటెండలోని వాకిలిని, నీడలోని నడవను మన కన్ను ఒక్కచూపులో గ్రహించును. కెమెరా యట్లు గ్రహింపజాలదు. వాకిలి సరిగా వచ్చినచో నడవ మసియగును. నడవ తెలిసినచో వాకిలి సున్నము కొట్టినట్లు తెల్లబాఱును. దీపపు వెలుతురున తెల్లని పంచె పసుపుపచ్చగా వచ్చును. అంతేకాదు, ఫొటోను జేపెగ్ రూపమున దాచునపుడు కెమెరా మనలనడుగకయే వన్నెను, వెలుగును, పదునును తానే దిద్ది, తక్కిన సమాచారమును పాఱవేయును. కాబట్టి బొత్తిగా దిద్దని ఫొటో మన చేతికి వచ్చుట యరుదు. దిద్దినది యంత్రమా, మనుష్యుడా యనునదే విచారింపవలసినది.

ఈ విద్య కంప్యూటరుతో పుట్టినదియు గాదు. 1857లోనే ఇంగ్లండున ఆస్కార్ రేలాండర్ అను నతడు ముప్పది వఱకు నెగెటివులను కూర్చి యొక పెద్ద చిత్రమును గావించెను. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ 1941లో హెర్నాండెజ్ అను పల్లెపై చంద్రోదయమును తీసి, ఆ యొక్క నెగెటివునే దశాబ్దముల తరబడి చీకటిగదిలో పలుతెఱగుల ముద్రించెను. నెగెటివు స్వరలిపి వంటిదనియు, ముద్రణము గానము వంటిదనియు నాయన భావము. 1990లో నోల్ సోదరుల ఫొటోషాపు అంగడికి వచ్చిన పిమ్మట ఆ చీకటిగది మన వ్రాతబల్లమీదికి వచ్చినది.

నేర్వగోరువారికి ఖర్చు భయమక్కఱలేదు. 1995లో బర్కిలీ విద్యార్థులిద్దఱు మొదలిడిన గింప్, దాని తరువాత వచ్చిన డార్క్‌టేబుల్ ఉచితముగా లభించును. మొదటి నియమము మూలమును కాపాడుట. డార్క్‌టేబుల్, లైట్‌రూమ్ వంటివి మూలము జోలికి పోక, మనము చేసిన మార్పులను వేఱుగా వ్రాసి యుంచుకొనును. గింపులో పనిచేయువారు ప్రతి నొకదానిని ముందుగా తీసికొనవలెను. కెమెరాలో రా పద్ధతి యున్నచో దానినే యెన్నుకొనుడు. జేపెగ్‌లో ఒక్కొక్క వన్నెకు 256 మెట్లు మాత్రమే యుండగా, 14 బిట్ల రా ఫొటోలో 16,384 మెట్లుండును. దిద్దుటకు చోటు అక్కడనే యున్నది.

తరువాతి పని క్రమముగా జరుగవలెను. వంగిన గోడను, చెఱువుగట్టును నిలువుగా, మట్టముగా సరిచేయుట. అక్కఱలేని యంచులను కత్తిరించుట. తెల్లని వస్తువు నొకదానిని ఆధారముగా గొని వన్నెల తూకము సరిచూచుట. హిస్టోగ్రాము కుడియంచును గ్రుద్దుకొనకుండ వెలుగును నిర్ణయించుట. ఈ నాలుగింటితో క్రొత్తవాని పని చాలవఱకు ముగియును. అయిదవది యన్నిటికంటెను కష్టమైనది: ఆగుట. ఆ యయిదవదానిని నేను నేర్చిన విధమును చెప్పుట నాకు గౌరవము కాదు, అయినను చెప్పెదను.

కొన్నియేండ్ల క్రిందట మా చెల్లెలి కూతునకు సంబంధములు చూచుచుండిరి. పిల్ల చామనచాయ. గడ్డము మీద చిన్ననాడు ఉయ్యాల నుండి పడినప్పటి మచ్చ యొకటి కలదు. తెల్లగోడ యెదుట నిలిపి ఫొటో తీసితిని. మా చెల్లెలు చూచి, "అన్నయ్యా, కాస్త రంగు తేల్చి పంపరాదూ?" అనెను. క్రొత్తగా నేర్చిన విద్య! స్లైడరు జరిపితిని, రంగు తేలెను. మచ్చ మాపితిని. వరునివారికి ఫొటో నచ్చెను. వచ్చిరి, చూచిరి, కాఫీ త్రాగి వెళ్లిరి. "ఫొటోలో పిల్ల వేఱు" అను మాట మధ్యవర్తి ద్వారా మాకు చేరెను. ఆ సాయంత్రము మేనకోడలు నా యొద్దకు వచ్చి, "మావయ్యా, వాళ్లకు ఆ ఫొటోలో పిల్ల నచ్చింది. నీకు కూడా ఆ పిల్లే నచ్చిందా?" అని యడిగెను. నేను బదులు చెప్పలేకపోతిని.

నూఱబద్ధములాడి యొక పెండ్లి చేయవచ్చునని మనలో సామెత. నేనాడినది వరునివారితో నాడిన చిన్న యబద్ధమనుకొంటిని. కాని నీ రంగు దిద్దవలసిన తప్పు అను తీర్పును ఆ పిల్లకే వినిపించితిని. నల్లనివారిని తక్కువగా చూచు దురాచారమును సభలలో ఖండించుచు, ఇంట కూర్చుండి యొక్క వ్రేలితో దానినే పోషించితిని.

ఇందులో మఱియొక వింత కలదు. తెల్లగోడ యెదుట నిలిపిన మనుష్యుని ముఖమును కెమెరా ఉన్నదానికంటె నల్లగా చూపును. వెలుగును కొలుచు యంత్రము ఆ తెల్లదనమునకు మోసపోయి, చిత్రమునంతటిని క్రుంగదీయుటయే యిందులకు కారణము. కాబట్టి నేను స్లైడరును కొంత జరుపుట న్యాయమే. పిల్లను ప్రక్కన నిలిపి, ఆమె ముఖమును పోల్చి చూచి, సరిపోయినచోట ఆగవలసినది. ఆమెను చూడక, జనుల మెప్పును చూచి జరిపితిని. అదే పనిముట్టు, సగము దారి న్యాయము, తక్కిన సగము ద్రోహము.

"వారమునకు మాయమగు మొటిమను తీసివేయరాదా?" అని కొందఱడుగుదురు. తీసివేయవచ్చును, అది యామె రూపములోనిది కాదు. "చిత్రకారుడు కల్పింపరాదా?" అని మఱికొందఱందురు. కల్పనయని చూచువారికి తెలిసినచో దోషము లేదు. నమ్మిచూచువాని నమ్మకమును వమ్ముచేయుటయే దోషము. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక నిలువు అట్టకు సరిపడునట్లు గీజా పిరమిడ్లను దగ్గఱకు జరిపి ముద్రింపగా విమర్శ చెలరేగినది. పిరమిడ్లు సుందరముగానే యుండెను. కాని పాఠకుడు వానిని నమ్మి చూచెను. ఫ్రాన్సు దేశమున 2017 నుండి, వ్యాపార ప్రకటనలలో మోడళ్ల దేహములను సన్నముగనో లావుగనో దిద్దినచో దిద్దిన ఫొటోయని తెలుపవలెనని చట్టము కలదు. చట్టము ప్రకటనల వఱకే పోగలదు. పెండ్లిచూపుల ఫొటో వఱకు మన మనస్సాక్షియే పోవలెను.

అందుచేత నాకు దొరకిన కొలత యిది: దిద్దిన ఫొటో ప్రక్కన మూలమును పెట్టి, చూచువానికిని, ఫొటోలోని మనిషికిని సిగ్గుపడక చూపగలనా? చూపగలిగినచో అది సంస్కారము. దాచవలసి వచ్చినచో మాఱినది చిత్రము మాత్రమే కాదు, నేనును. మూలమును కాపాడుమని ముందు చెప్పిన నియమము ఇందులకును పనికివచ్చును.

ఆ దిద్దిన ఫొటోను చెఱిపివేసితిని. మరల వేఱొకటి పంపవలసి వచ్చినపుడు, మేనకోడలిని కంప్యూటరు ప్రక్కన కూర్చుండబెట్టుకొని, స్లైడరు నామె చేతికే యిచ్చితిని. ఆమె కొంచెము జరిపి, తన చేతిని తెరప్రక్కన పెట్టి చూచుకొని, ఆగెను. మచ్చను ముట్టుకొనలేదు.