ప్రౌఢి గడచిన పిదప

కళాకారుడు తన ప్రౌఢదశ గడచిన పిమ్మట మౌనము వహించుట మేలా, కృషి సాగించుట మేలా? సాగించినచో నా పిదపటి కృతులను మన మే ప్రమాణముతో నిర్ణయింపవలెను? అమెరికాలోని నల్లజాతివారు పెంపొందించిన ఫంక్, సోల్ అను సంగీతరీతులలో బేరుగన్న ‘ఎర్త్, విండ్ అండ్ ఫైర్’ బృందము చరిత్ర యీ విచారమునకు దగిన యాధారము.

మారిస్ వైట్ 1969లో స్థాపించిన యీ బృందము 1975లో ‘దట్స్ ది వే ఆఫ్ ది వరల్డ్’ అను సంపుటముతో నమెరికా జనాదరణపట్టికలో నగ్రస్థానమందెను. ట్రంపెట్టు, ట్రాంబోను, శాక్సఫోనుల ఘోషమును, వైట్, ఫిలిప్ బెయిలీల కంఠముల మేళనమును దాని సొత్తు. 1983 నాటి ‘ఎలక్ట్రిక్ యూనివర్స్’లో నా వాద్యఘోషము వెనుకబడి, అప్పటి మోజు ననుసరించి సింథసైజర్లు ముందునకు వచ్చినవి. సంపుటమునకు దగిన యాదరము లభింపలేదు. 1984లో బృందము విరామము గైకొని, 1987లో ‘టచ్ ది వరల్డ్’తో మరల వచ్చెను.

దీనిని జూపి, వయస్సు మీరినవారికి నూతనమార్గము పనికిరాదని కొంద రందురు. ఇది యుక్తము కాదు. అంతకు రెండేండ్ల ముందు, 1981లో, ‘లెట్స్ గ్రూవ్’ అను పాటయందు సయితము యంత్రముచే మార్చిన కంఠధ్వని కలదు. అయినను లోకము దానిని మిక్కిలి మెచ్చెను. ఏలయన, నందు గ్రొత్తధ్వని పాతసొత్తుతో గలసి నడచినది. కావున దోషము నవ్యతయందు లేదు. తనదానిని దాను నమ్మలేక విడుచుటయం దున్నది.

శ్రోతల దోషమును గలదు. పూర్వపుబాణీయే పాడినచో జర్వితచర్వణ మందుము. మార్చినచో స్వధర్మము వీడె నందుము. ఇట్టి న్యాయస్థానమున నే ముద్దాయి నిర్దోషి యగును?

పిదప వైట్ పార్కిన్సన్ వ్యాధిచే సంచారకచేరీలు మానెను. తమ్ముడు వెర్డీన్ వైట్, బెయిలీ మొదలగువారు బృందమును నిలిపిరి. స్థాపకుడు వేదికపై లేనప్పుడు పాతపేరు వాడుట వంచన కాదా యని యడుగవచ్చును. లేని బలమును నటించినచో వంచనయే. కాని 2005 నాటి ‘ఇల్యూమినేషన్’లో వీరు విల్.ఐ.యామ్ వంటి చిన్నవారిని బాహాటముగా దోడు గైకొనిరి. 1983లో గాలమును వెంటాడినవారే యిప్పుడు దానిని దమ యింటికి బిలిచిరి. 2013 నాటి ‘నౌ, దెన్ అండ్ ఫరెవర్’ వైట్ గానము లేకయే వెలువడెను. 2016లో నాతడు మృతినందెను.

శక్తి తగ్గుట ప్రకృతిధర్మము. అందు సిగ్గుపడ నక్కరలేదు. గతించిన యౌవనము నభినయించుటయే యసత్యము. కళాకారు డీ యసత్యమును విడువవలెను. మనము వాని నేటిపాటను నిన్నటిపాటతో గొట్టక వినవలెను. ఇంటిలోని వృద్ధుల మాటయు నిట్లే వినదగినదని వేరుగ జెప్పనేల?