బాహుదా ఇవ్వని కాలు

కాణిపాకంలో పిల్లలు వినే కథల్లో ఒంటికి లేనిదల్లా వచ్చేస్తుంది. బావి తవ్విన గుడ్డి, చెవిటి, మూగ అన్నదమ్ముల వైకల్యాలు పోయాయి. ఆకలికి, అడక్కుండా మామిడిపండు తిన్న లిఖితుడి చేతులు రాజు నరికిస్తే, ఏట్లో మునగ్గానే మళ్ళీ వచ్చాయి. అందుకే ఆ ఏరు బాహుదా. ఒక్క పండుకి రెండు చేతులా అని మనం అడగం.

చక్కెర జబ్బుతో మా అమ్మకి మోకాలి కింద కాలు తీసేశాక, ఈ కథ విన్న నా ఆరేళ్ళ కూతురు "అవ్వ ఏం దొంగిలించింది మా?" అంది.

ప్రశ్న పాపది కాదు, కథది. అంగం పోవడం శిక్ష, తిరిగి రావడం క్షమ అయితే, రానివాళ్ళు ఎప్పటికీ దోషులేనా? అవ్వ తప్పేం లేదన్నాను. నరాలు మొద్దుబారితే పుండు నొప్పి తెలియదు, రక్తం అందక మానదు. మిగతా ఒళ్ళు కాపాడటానికే డాక్టర్లు కాలు తీశారు. ఇంట్లో అందరి పనీ అయితేగానీ తన పాదం చూసుకోని ఆడవాళ్ళ సంగతి పాపకి ఇంకెప్పుడైనా చెప్పాలి.

కొత్త కాలు మొలవదు, తయారవుతుందని కూడా చెప్పాను. 1968లో జైపూర్‌లో శిల్పి రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ చేసిన రబ్బరు పాదంతో చెప్పుల్లేకుండా నడవొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. దానితోనే సుధాచంద్రన్ నాట్యం చేసింది. 'మయూరి' (1985) ఆమె కథే. ఆ సినిమాతో నాకో పేచీ ఉంది: నాట్యం చేస్తేనే గెలుపా? అమ్మకి కావలసింది పెరట్లోకి ఒక్కతే వెళ్ళడం.

లేని పాదం దురద పెడుతోందని ఒక రాత్రి అమ్మ అంటే పెద్దవాళ్ళం బెదిరాం. కాలు పోయినా మెదడులో దాని జాగా ఉంటుంది. పాప వెళ్ళి ఖాళీ పరుపు మీద గోకి, "తగ్గిందా అవ్వా?" అంది.