మూగప్రాణి మొర

బసవేశ్వరుని బోధలో భూతదయకు అగ్రస్థానము గలదు. ఆ దయ ఎంతదూరము ప్రసరింపవలెను? ముంగిట కట్టిన ఆవు వరకేనా? కంటికి కానరాని కడలిలోని ప్రాణి వరకునా?

నీలి తిమింగలము ప్రాణులన్నిటిలో మిక్కిలి పెద్దది. అయినను అది చేప కాదు. ఊపిరితిత్తులతో శ్వాసించి, బిడ్డకు పాలిచ్చి పెంచు జీవి. ఊపిరికై నీటిపైకి వచ్చుటయే దానికి మృత్యుహేతువయ్యెను. వేటగాండ్రు ఆ క్షణముకొరకే కాచియుండెడివారు.

నార్వే దేశీయుడగు స్వెన్ ఫోయిన్ 1870లో ఫిరంగినుండి ప్రయోగించు పేలుడు ఈటెకు పేటెంటు పొందెను. అది దేహమున దిగి లోపలనే ప్రేలును. 1904లో దక్షిణ జార్జియా ద్వీపమున గ్రిట్వికెన్ కేంద్రము వెలసెను. పిదప కళేబరమును నడిసముద్రముననే పైకి లాగి నూనె తీయు కర్మాగార నౌకలు వచ్చెను. 1930–31 వేటకాలమున అంటార్కిటిక్ జలములలో 29 వేలకు పైగా నీలి తిమింగలములు హతమయ్యెను. ఆ నూనె సబ్బులకును, మార్గరిన్‌కును పోయెను. ఆకలి తీర్చుకొనుటకు చేసిన వేట కాదది. లాభాపేక్షతో చేసిన వధ.

1940ల దశకమున వేటనౌకపై వైద్యుడుగానుండిన హ్యారీ లిల్లీ ఆ ఘోరమును కన్నులార చూచెను. తిమింగలములు కేకవేయగలిగినచో ఈ పరిశ్రమ నిలిచిపోవునని ఫిరంగివాండ్రే ఒప్పుకొనెడివారని ఆయన తెలిపెను. అవి కేకవేయలేదు; వధ ఆగలేదు.

లెక్కల తీరు మరియు విచారకరము. 1972 వరకు అంటార్కిటిక్ వేట పరిమితిని 'నీలి తిమింగల ప్రమాణము'తో కొలిచిరి. ఒక నీలి తిమింగలమునకు రెండు ఫిన్ తిమింగలములు, లేదా ఆరు సెయి తిమింగలములు సమానము. శ్వాసించు జీవి నూనె కొలతయైపోయెను. ప్రాణిని ప్రాణిగా చూడని కంటికి దయ ఎట్లు కలుగును?

20వ శతాబ్దమున సుమారు 29 లక్షల తిమింగలములు చంపబడెను. ఒకప్పుడు రెండు లక్షలకు పైగానుండిన అంటార్కిటిక్ నీలి తిమింగలములు 1970ల నాటికి కొన్ని వందలకు దిగెను. అంతర్జాతీయ తిమింగల వేట సంఘము 1982లో వ్యాపార వేటను నిలుపుటకు తీర్మానించగా, 1986 నుండి అది అమలైనది. బ్రెజిల్ తీరమున హంప్‌బ్యాక్ తిమింగలములు మరల వృద్ధి చెందినవి. అయినను వేట పూర్తిగా అంతరింపలేదు. జపాన్ 2019లో ఆ సంఘమును వీడి వ్యాపార వేటను పునఃప్రారంభించెను.

శరణులు కాయకమునకు శుద్ధిని నియమించిరి. చేయు పని ఎంత కష్టమైనదైనను, పరప్రాణి వేదనపై నిలిచిన సంపాదన శుద్ధ కాయకము కాజాలదు. ఈటె విసరినవాడే కాదు, ఆ సబ్బు ఎక్కడిదని అడుగక కొన్న గృహస్థుడును ఆ వధలో పాలుపంచుకొన్నవాడే. కావున ఇంటికి తెచ్చుకొను ప్రతి వస్తువు వెనుక ఏ ప్రాణి బాధ దాగియున్నదో విచారించుట భక్తునకు విధి. మొరపెట్టుకొనువానిపై జాలి ఎల్లరకును కలుగును. మొరపెట్టలేని ప్రాణి బాధను గ్రహించుటయే భూతదయ.