పాలు తాగని పాము

మా గరాజ్‌లో రెండు ఫ్రిజ్‌లున్నాయి. పెద్దదాంట్లో పాలు, పెరుగు, దోసెల పిండి, తెనాలి నుంచి మోసుకొచ్చిన పచ్చళ్ళు. చిన్నదాంట్లో ఎలుకలు. చిన్నదాన్ని ముట్టుకున్న చేత్తో పెద్దదాన్ని ముట్టుకోకూడదని మా ఆవిడ నియమం. మడి అంటే ఏమిటో టెక్సస్‌లో పుట్టిన మా అమ్మాయికి అర్థమైంది అక్కడే.

ఎలుకలు కంకి కోసం. కంకి కార్న్ స్నేక్. విషం లేదు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో సహజంగా దొరికే జాతి. మొక్కజొన్న గాదెల చుట్టూ ఎలుకల కోసం తిరిగేది కాబట్టి ఆ పేరొచ్చిందని కొందరంటారు, పొట్ట మీది నలుపు తెలుపు గళ్ళు కంకి గింజల్లా ఉంటాయి కాబట్టని కొందరు. మా అమ్మాయికి రెండోదే నచ్చి అలా పేరు పెట్టింది. 2020 అక్టోబరులో, డల్లాస్‌కి గంట దూరంలో వాటిని పెంచే ఒకాయన ఇంటి నుంచి తెచ్చుకున్నాం. అప్పుడు పిల్లకి 13 ఏళ్ళు. పాముది పెన్సిలంత మందం.

"కుక్కనడిగితే వద్దన్న మనిషివి పామునడిగితే సరేనన్నావేం?" అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. దానికి జవాబు తెనాలిలో, మా పెరటి గాబులో ఉంది.

1987 వేసవి. నాకు 12 ఏళ్ళు. కాలవలు కట్టేశాక బురదలో ఒక నీటి తాబేలు దొరికింది. ఇంటికి తెచ్చి గాబులో వేశాను. అలాంటివాటిని పెంచుకోవడం నేరమని ఇవాళ ఎవరైనా చెబుతారు. ఆనాడు మా వీధిలో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. మామ్మ మాత్రం కూర్మావతారం నడిచి ఇంటికొచ్చిందని గాబు గట్టున పసుపూ కుంకుమా పెట్టింది. ఆవిడ ఒకసారి శ్రీకూర్మం వెళ్ళి, గుళ్ళో నక్షత్ర తాబేళ్ళకు ఆకుకూరలు పెట్టి వచ్చింది. అంచేత మా తాబేలుకి తోటకూర, అన్నం మెతుకులు అని తీర్మానించింది. వానపాములు వేద్దామని నేనంటే, "మనింట్లో నీచు వెయ్యడానికి వీల్లేదు" అంది. రెండు నెలలు గడిచాక ఒక పొద్దున అది పైకి తేలి ఉంది. కొబ్బరిచెట్టు కింద పాతిపెట్టాను.

చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. శ్రీకూర్మం తాబేళ్ళు గడ్డీ ఆకులూ మేసే మెట్ట జాతి. మా గాబులోది నత్తలు, కప్పలు, చేపలు, పురుగులు, నాచు, ఏది దొరికితే అది తినేది. మామ్మ భక్తికి వంక పెట్టలేం, తాబేలే వేరు. దాన్ని మేం అహింసతో చంపామని ముప్పయ్యేళ్ళుగా నాలో నేను అనుకుంటూ వచ్చాను.

కంకికి మొదటిసారి తిండి పెట్టిన రోజు నా చెయ్యి వణికింది. పింకీ అంటారు, ఇంకా కళ్ళు తెరవని, వెంట్రుక మొలవని ఎలుకపిల్ల. చిటికెన వేలి కొసంత ఉంటుంది. గడ్డకట్టినదాన్ని ప్లాస్టిక్ సంచీలో పెట్టి వేణ్ణీళ్ళలో ముంచి, పట్టకారుతో అందించాలి. పిల్ల నా చేతిలోంచి పట్టకారు లాక్కుంది.

"నాగుల చవితికి మీరు పుట్టలో ఏం పోసేవాళ్ళు?"

"పాలు. చలిమిడి, చిమ్మిలి."

"అవి మీరు తినేవి కదా నాన్నా."

పుట్ట కట్టింది చెదలు, చేరింది పాము, పాలు పోసింది మనం. పాముకి పాలు అరగవు. కార్తీకమాసపు చలిపొద్దున తడిబట్టలతో మా అమ్మ పుట్ట ముందు కూర్చున్న దృశ్యం ఇప్పటికీ నాకు అందంగానే కనిపిస్తుంది, దాన్ని వెక్కిరించే వయసు దాటిపోయాను. కానీ ఆ పూజలో పాముకి ఒక షరతు ఉందని పిల్ల మాటతో తోచింది. నువ్వు మాలాగే తినాలి, అప్పుడే నాగేంద్రుడివి. వేదాంతానిదీ దాదాపు ఇదే వరస. బృహదారణ్యకం పుట్ట మీద పడి ఉన్న కుబుసాన్ని జ్ఞాని వదిలేసిన దేహంతో పోల్చింది. కుబుసం శుభ్రమైన వస్తువు, దాన్ని పట్టుకుని ఎంత తత్త్వమైనా చెప్పొచ్చు. పాము పొట్టలో ఉన్నదాని గురించి చెప్పమంటేనే గొంతు పెగలదు.

చంపింది నేను కాదుగా అని మొదట్లో సర్దిచెప్పుకున్నాను. ఎక్కడో ఎవరో బొగ్గుపులుసు వాయువుతో చంపి, గడ్డకట్టించి, డ్రై ఐస్ పెట్టెలో పంపుతారు. పతంజలి ఈ దారి ఎప్పుడో మూసేశాడు. తాను చేసింది, ఒకరిచేత చేయించింది, చేస్తుంటే ఆమోదించింది, మూడూ హింసే అన్నాడు. మూడింట రెండు నాకు తగిలాయి. అడవిలో ఉన్నా కంకి ఎలుకల్నే తినేదిగా అనడానికీ లేదు. కంకి అడవి చూడలేదు. నాలాంటివాళ్ళు కావాలన్నారు కాబట్టి అది పుట్టింది, అది పుట్టింది కాబట్టి ఆ ఎలుకలు పుట్టాయి. పుట్టుకలూ చావులూ రెండూ నా సరదా ఖాతాలోవే.

ఓ రాత్రి పిల్లకి శిబి చక్రవర్తి కథ చెప్పాను. డేగ తరుముతుంటే పావురం వచ్చి ఒళ్ళో వాలడం, నా ఆహారం లాక్కోవడం నీకు ధర్మమా అని డేగ అడగడం, రాజు తొడ కోసి తూచడం. అంతా విని అడిగింది: "మరి మర్నాడు డేగ ఏం తింది?"

డేగ ఇంద్రుడు, పావురం అగ్ని, కాబట్టి కథ గట్టెక్కింది. మా గరాజ్‌లో దేవతలెవరూ వేషం మార్చుకుని లేరు. ప్రతి పది రోజులకూ మర్నాడే.

2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్ చీకటైపోయింది. మా ఇంట్లో రెండు రాత్రులు కరెంటు లేదు. హీటు పోయింది, చేతులు కొంకర్లు పోతున్నాయి. పాము తన వేడి తాను పుట్టించుకోలేదు. దాని పెట్టెలో ఒక పక్క 85 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటేనే తిన్నది అరుగుతుంది, లేకపోతే కక్కేస్తుంది. ముందురోజే తిండి పెట్టాం. పిల్ల దాన్ని గుడ్డసంచీలో పెట్టి నా స్వెట్టర్ కింద దోపింది. అర్ధరాత్రి దాకా నేను, ఆ తర్వాత తను. సంచీ మెల్లగా కదిలేది, మళ్ళీ సర్దుకునేది. కంకి కక్కలేదు. పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టని నా పొట్ట వెచ్చదనం మీద ఒక ఎలుక అరిగింది. పాపమా పుణ్యమా అని అప్పుడు తోచలేదు. చలిగా ఉంది, అది ఇంకా చిన్నది, అంతే. తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే కూడా ఆ రాత్రిని ఏ గడిలో వెయ్యాలో నాకు తెలియలేదు.

2024 వేసవిలో అమ్మ వచ్చింది. పాము సంగతి ఎలా దాచాలా అని నేనూ మా ఆవిడా మంతనాలు సాగిస్తుంటే, పిల్ల నానమ్మని చెయ్యి పట్టుకుని తిన్నగా పెట్టె ముందు కూర్చోబెట్టింది. అమ్మ దణ్ణం పెట్టుకుంది. నాలుగడుగుల కంకి నాలుక ఆడిస్తూ అద్దం దగ్గరికొచ్చింది.

"ఏం పెడతారే దీనికి?"

"ఎలుక, నానమ్మా."

నేను నేల చూశాను.

"ఎన్నాళ్ళకోసారి?"

"పది రోజులకి."

"అంతేనా! మీ నాన్న నయమా, రోజుకి మూడుసార్లు తింటాడు." నవ్వి, నావైపు తిరిగింది. "ఒరే, నీ తాబేలు గుర్తుందిరా? మీ మామ్మ మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు నేను అరటి మొదట్లో తవ్వి రోజూ రెండు వానపాములు వేసేదాన్ని. ఎంత ఇష్టంగా తినేదో."

"నువ్వా? వానపాములా?"

"మరి దానికేదో ఒకటి పెట్టొద్దూ? చేతులు పసుపుతో కడుక్కునేదాన్లే."

"మరి ఎందుకు చచ్చిపోయిందమ్మా?"

"ఏమోరా," అంది. పిల్ల అప్పటికే తారీకులు రాసుకునే నోటుపుస్తకం తెరిచి, ఇవాళ తొమ్మిదో రోజని చెబుతోంది.