చేయి తగిలించడం

సత్యనారాయణ వ్రతంలో భర్త సంకల్పం చెప్పుకుంటూ ఉంటే పురోహితుడు భార్య వైపు తిరిగి, "అమ్మా, ఆయన చేతికి మీ చెయ్యి తగిలించండి" అంటాడు. ఆమె వేళ్ళు ఆయన మోచేతి దగ్గర ఆనించి కూర్చుంటుంది. అక్షింతలు వేసేది ఆయన, నీళ్ళు వదిలేది ఆయన. ఆమె చేసేది ఆ ఆనించడమే. అది లేకపోతే మాత్రం దంపతుల పూజ కాదంటారు. శ్రౌత యజ్ఞాల్లో నియమం ఇంకా గట్టిది. పత్ని పక్కన లేక, అశ్వమేధానికి రాముడు బంగారు సీతను పెట్టుకోవలసి వచ్చిందని ఉత్తరకాండ చెబుతుంది. ఆ ఆనించిన చెయ్యి ఏం చేస్తోంది? పని పంచుకుంటోందా, ఫలంలో వాటా రాయించుకుంటోందా? మా ఆవిడ మారథాన్‌కి సిద్ధం కావడం మొదలుపెట్టి, చెయ్యి తగిలించే వంతు నాకు వచ్చాక ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

ఆమె ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. లక్ష్యం ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్. 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తించిన దూరం అది, 1921లో అదే ఖాయమైంది. ఆగస్టులో పరుగంటే కష్టమైన సాధనంతా మే, జూన్ నెలల్లో పడుతుంది. బెజవాడలో రోహిణి కార్తె సంగతి వేరే చెప్పక్కర్లేదు. వేడి ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. పక్కన ఏరు, చుట్టూ కాలువలు, గాలి నిండా తేమ. చెమట కారుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అందుకే ఆదివారం పొడుగు పరుగు తెల్లవారుజామున నాలుగింటికే మొదలు. పటమట నుంచి యనమలకుదురు, అక్కడ కరకట్ట ఎక్కి పెదపులిపాక, చోడవరం వైపు. వెనక స్కూటర్ మీద నేను, సంచిలో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, ఓఆర్‌ఎస్ సీసా, చక్కెరకేళీలు, తడిగుడ్డ.

మొదట్లో దగ్గరికి వెళ్ళినప్పుడల్లా తాగమనాలనిపించేది. తరవాత ఒక సంగతి చదివాను. 2002 బోస్టన్ మారథాన్‌లో ముగింపు గీత దగ్గర 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికంటే తక్కువ ఉంది. ఒంటికి కావలసినదానికంటే ఎక్కువ తాగడమే ప్రధాన కారణమని తేలింది. ప్రేమతో పదేపదే పట్టే నీళ్ళు కూడా మనిషికి చేటు చెయ్యగలవని నేను అప్పటిదాకా ఊహించలేదు. ఇప్పుడు చెయ్యి చాపితేనే సీసా అందిస్తున్నాను.

ఇలా తోడుండడం మా వీధికి కొత్త కాదు. కార్తీకం వచ్చిందంటే అయ్యప్ప మాలలు, భవానీ దీక్షలు. మండల దీక్ష పట్టింది ఒక్కరే అయినా నియమం ఇల్లంతటిదీ. భార్య చీకటితోనే లేచి, తలస్నానం చేసి, ఉల్లి వెల్లుల్లి లేకుండా వండి, నిన్నటిదాకా "ఏవండీ" అన్న మనిషిని "స్వామీ" అని పిలుస్తుంది. ఆమెను ఎవరూ "నీకెందుకమ్మా ఈ శ్రమ" అనరు. నేను మూడున్నరకి లేచి మజ్జిగ చిలికితే మాత్రం "మీకెందుకండీ మాస్టారూ" అని అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ ఆడదాని తోడు ధర్మమనీ మగవాడి తోడు విశేషమనీ లెక్కవేసుకోవడం అన్యాయమని గట్టిగా నమ్ముతున్నాను. ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేశాడని ఈ ఊళ్ళో చిన్నపిల్లలకీ తెలుసు. అతను బయల్దేరేటప్పుడు ద్రౌపది ఏం కోరుకుందో అరణ్యపర్వంలో ఉంది. దాన్ని ఎవరూ చెప్పుకోరు.

మన ఆడవాళ్ళు ఆ లోటు పాటల్లో తీర్చుకున్నారు. అడవిలో లక్ష్మణుడు పద్నాలుగేళ్ళు మేలుకుని ఉంటే, ఇంట్లో ఊర్మిళ పద్నాలుగేళ్ళు నిద్రపోయింది. అతని నిద్ర ఆమె పుచ్చుకుందంటారు. దాన్ని త్యాగమని పొగుడుతారు గానీ, ఊర్మిళాదేవి నిద్ర పాటలో నా మనసుకి పట్టింది తరవాతి ఘట్టం. తిరిగొచ్చిన భర్తను ఊర్మిళ గుర్తుపట్టదు. పరాయివాడనుకుని మందలిస్తుంది. ఒకరు తపస్సులో ఉన్నంతకాలం ఇద్దరూ ఒకరికొకరు కొంత కొత్తవాళ్ళవుతారు. మా ఇంట్లో రాత్రి ఎనిమిదిన్నరకే దీపం ఆరిపోతోంది. పెళ్ళిళ్ళకు నేనొక్కణ్ణే వెళ్ళి వస్తున్నాను. అన్నం దగ్గర కూర్చున్నా ఆమె మనసు నేను చేరలేని దారిలో ఎక్కడో ఉంటుంది. ఇది కష్టంగానే ఉంది. ఆ కష్టాన్ని ఆమె ఖాతాలో రాయకూడదన్నది నేను పెట్టుకున్న నియమం.

మే నెలలో ఒకరోజు ఎండ తొందరగా ఎక్కింది. ఇరవై ఆరో కిలోమీటరు దగ్గర ఆమె కరకట్ట మీదే కూర్చుండిపోయింది. ఆపేద్దామన్న మాట నా నోటిదాకా వచ్చింది. నా మొహం చూసి, "ఏవండీ, జాలి తరవాత పడుదురు గాని, ముందు ఆ తడిగుడ్డ ఇటివ్వండి" అంది. అప్పటికే మా మధ్య ఒక ఒప్పందం ఉంది. నేను పదిహేడో ఎక్కం అడుగుతాను. తడుముకోకుండా అప్పజెబితే ఆగడమా సాగడమా అన్నది ఆమె ఇష్టం. తడబడితే నిర్ణయం నాది. ఒంటి వేడి నలభై డిగ్రీలు దాటి వడదెబ్బ తగిలితే తెలివి చెదురుతుంది. అప్పుడు ఇక మాటల్లేవు, నీళ్ళు పోసి ఒళ్ళు చల్లబరుస్తూ ఆస్పత్రికి ఫోన్ చెయ్యడమే. ఆ రోజు ఎక్కం గడగడా చెప్పింది. చెప్పి, తనంతట తానే పరుగు మానేసి నడిచొచ్చింది. నేను "ఆపు" అని ఉంటే ఆ ఆపడం ఆమెది అయ్యేది కాదు.

1967లో బోస్టన్‌లో కాథరిన్ స్విట్జర్ నంబరు పెట్టుకుని పరిగెత్తుతుంటే, ఆడవాళ్ళకిక్కడ చోటు లేదని జాక్ సెంపుల్ అనే అధికారి ఆ నంబరు పీకబోయాడు. ఆమె స్నేహితుడు టామ్ మిల్లర్ అతన్ని ఒక్క తోపు తోశాడు. ఆ ఫొటోలు లోకమంతా చూసింది. కాసేపటికే, ఈ గొడవతో తన భవిష్యత్తు పాడవుతుందని ఆమె మీద కోప్పడి టామ్ ముందుకు వెళ్ళిపోయాడని ఆమె ఆత్మకథలో రాసుకుంది. పక్కన మిగిలినవాళ్ళలో ఒకడు యాభయ్యేళ్ళ ఆర్నీ బ్రిగ్స్, ఆమె చదివే యూనివర్సిటీలో ఉత్తరాలు పంచే మనిషి, ఆమెకు సాధన చేయించినవాడు. నాకు ఆదర్శం ఆర్నీ.

"దాని పుణ్యంలో సగం నీదేరా" అంటుంది మా అమ్మ. అమ్మ మాటకి ఎదురు చెప్పను గానీ లోపల ఒప్పుకోలేను. ముప్పై కిలోమీటర్లు దాటాక కండరాల్లో నిలవున్న చక్కెర అడుగంటి కాళ్ళు మొరాయిస్తాయి. ఆ నొప్పిలో వీసమెత్తు కూడా పంచుకోలేనివాణ్ణి పుణ్యంలో సగం ఏ ముఖంతో అడగను? ఆనించిన చెయ్యి వాటా అడగడం లేదు. నీ సంకల్పానికి ఈ ఇల్లు అడ్డం రాదని మాట ఇస్తోంది. బరువంతా ఆ మాట నిలబెట్టుకోవడంలోనే ఉంది, రోజూ, మూడున్నరకి.

మరి ఆగస్టులో పూర్తి చెయ్యలేకపోతే? మొదలుపెట్టిన ప్రయత్నం వృథా పోదని, ఫలం మీద అధికారం లేదని గీత రెండో అధ్యాయం చెబుతుంది. క్లాసులో ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాను. కానీ కృష్ణుడు ఆ బోధ మొదలుపెట్టింది అర్జునుడు "నీ శిష్యుణ్ణి, నాకు చెప్పు" అని అడిగాక. అంతకుముందు ఆయన సారథి, రథం నిలపమన్నచోట నిలిపాడు. వైరాగ్యం ఎవరికి వాళ్ళు చెప్పుకోవలసిన మాట. ఒళ్ళంతా నొప్పులతో ఉన్న మనిషికి పక్కవాడు అడక్కుండా చెబితే అది హింస. ఆమె అడిగితే చెబుతాను. అడక్కపోతే నీడ చూసి కూర్చోబెట్టి, బూట్లు విప్పి, ఏం తింటావని అడిగి, విజయవాడ బస్సు ఎన్నింటికో కనుక్కుంటాను.