అనని మాట

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అత్తగారికి కథ చెప్పడం నాకలవాటు. ఆవిడకిప్పుడు చూపు ఆనడం లేదు. ఒకప్పుడు కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలల్ని పోపులడబ్బా వెనక దాచుకుని చదివిన మనిషి! అంచేత ఈసారి విల్కీ కాలిన్స్ 'మూన్‌స్టోన్' ఎత్తుకున్నాను. 1868లో డికెన్స్ నడిపే వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. ఇంగ్లీషు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నోటికొచ్చిన తెలుగులో చెప్పుకుపోవడమే నా అనువాదం. రాయి పేరు చంద్రకాంతమణి అన్నాను. లేడీ వెరిండర్ జమీందారిణి అయిపోయింది.

1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో ఒక ఇంగ్లీషు దొర హత్య చేసి మన దేవుడి వజ్రాన్ని ఎత్తుకుపోతాడు. చివరికది అతని మేనకోడలికి పుట్టినరోజు కానుకగా చేరి, ఆ రాత్రే మాయమవుతుంది. ముగ్గురు బ్రాహ్మలు గారడీవాళ్ళ వేషంలో దానికోసం ఆ చుట్టుపక్కలే తిరుగుతుంటారు. కోహినూరు కూడా తన మనసులో ఉందని కాలిన్స్ ముందుమాటలో చెప్పుకున్నాడు. కోహినూరంటే మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో పుట్టిందని చెప్పుకుంటాం కదా, అత్తగారు లేచి కూచున్నారు.

"మన వస్తువు మనవాళ్ళు తెచ్చుకుంటే దొంగతనం ఎలా అవుతుందే?"

"అందుకోసం చివర్లో ఒకణ్ణి చంపుతారండీ."

"అది మాత్రం తప్పే" అన్నారు కాసేపాగి.

డిటెక్టివ్ సార్జెంట్ కఫ్‌కి గులాబీలంటే పిచ్చి. దొంగని వెతకడానికొచ్చి తోటమాలితో అంట్ల గురించి తగువు పెట్టుకుంటాడు. మన కడియపులంక నర్సరీలు చూపిస్తే ఇక లండన్ వెళ్ళేవాడు కాదు.

"సరే, ముందు ఎవర్ని అనుమానించి ఉంటారో చెప్పండి" అన్నాను.

"ఇంకెవర్ని? పనిమనిషిని" అన్నారావిడ, ఆలోచించకుండానే.

నిజమే. ఆ ఇంట్లో రోజానా అని ఒక పనిపిల్ల. ఎప్పుడో దొంగతనం చేసి జైలుకెళ్ళి వచ్చింది. జమీందారిణి జాలిపడి పనిలో పెట్టుకుంది. ఇంటికొచ్చిన ఫ్రాంక్లిన్ అనే కుర్రాడి మీద పాపం దానికి మనసు. వజ్రం పోయిన గది తలుపుకి కొత్తగా రంగు వేశారు. ఆ రంగు మరక అతని రాత్రిచొక్కాకి అంటుకుని ఉండడం రోజానా కంటపడింది. చొక్కాని దాచేసింది, అతణ్ణి కాపాడదామని. అందరూ తననే అనుమానిస్తున్నా నోరు విప్పలేదు. చివరికి ఊబిలో దూకేసింది. లంకల్లో ఊబి ఎలాంటిదో తెలిసినవాళ్ళం, నేను ఆ పేజీలు గబగబా దాటించాను. దొంగ కోసం ఇల్లంతా గాలించిన ఫ్రాంక్లిన్‌కి చాన్నాళ్ళ తర్వాత ఆ చొక్కా దొరికింది. దానిమీద తన పేరే! డాక్టరు తెలియకుండా ఇచ్చిన నల్లమందు మత్తులో, భద్రం చేద్దామని వజ్రం తనే తీశాడు. అక్కణ్ణించి అది వేరొకరి చేతిలో పడింది.

అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు కాదమ్మా అని ఆ పిల్లకి ఎవరైనా చెప్పారా?" అన్నారు.

"చచ్చిపోయింది కదండీ."

ఆవిడ గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆవిడ ఎవర్ని తలుచుకున్నారో నాకు తెలుసు.

నేను కాపరానికొచ్చిన కొత్తలో నా ఉంగరం పోయింది. మా ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు ఊడ్చే మనిషిని ఎవరం పల్లెత్తు మాట అనలేదు. బీరువాకి తాళం మాత్రం పడింది. ఆమె పడకగదిలోకెళ్తే ఏదో పనున్నట్టు నేనూ వెళ్ళి నిలబడేదాన్ని. నెల తిరక్కుండా జీతం పుచ్చుకుని, ఒంట్లో బావుండడం లేదని చెప్పి మానేసింది. మాఘమాసంలో పెళ్ళికని పట్టుచీర విప్పితే మడతలో ఉంగరం! జరీ పోగుకి చిక్కుకుని ఉంది.

"పోన్లెద్దూ, మనం ఎవర్నీ ఏమీ అనలేదుగా" అన్నారు అత్తగారు. నేనూ హమ్మయ్య అనుకున్నాను.

ఇన్నేళ్ళకి ఆ 'హమ్మయ్య' దగ్గరే ఆగిపోయాను. అనకపోవడం నిజంగా మర్యాదేనా? కోర్టులో బోనెక్కిన వాడిక్కూడా నేరమేమిటో చదివి వినిపిస్తారు. నేను కాదు బాబూ అని చెప్పుకునే వీలుంటుంది. మేము ఆ మనిషికి అదీ ఇవ్వలేదు. పైకి అని ఉంటే ఏడ్చేదో, నన్ను తిట్టిపోసేదో! తిట్టే హక్కు దానికి ఉంది కదా. మనసులో పెట్టుకున్నది మా మంచితనం కోసమే గానీ ఆమె కోసం కాదు. సార్జెంట్ కఫ్ నయం, అంత పేరున్నవాడు, తన లెక్క తప్పిందని ఒప్పుకున్నాడు.

మరి వెళ్ళి చెప్పొచ్చు కదా అంటారు మీరు. ఏమని చెప్పను? నిన్ను అనుమానించాం, క్షమించు అంటే, ఒకవేళ ఆమెకి తెలియకపోతే కొత్తగా గాయం చేసినట్టే అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. ఆమెకి తెలియకపోవడమేమిటి! తాళం చప్పుడు వినిపించదూ?

ఒకసారి కోటిపల్లి రేవులో పంటు ఎక్కితే ఎదురుగా ఆమే. పక్కన మనవరాలు కాబోలు. "బావున్నారా అమ్మగారూ? పెద్దమ్మగారు కులాసాయేనాండీ?" అని నవ్వుతూ పలకరించింది. ముక్తేశ్వరం రేవు వచ్చేదాకా కబుర్లు చెప్పింది. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను, ఉంగరమున్న చెయ్యి కొంగు కింద దాచుకుని.

నిన్న కథ అయిపోయాక అత్తగారు అడిగారు, "ఆ మనిషి ఇప్పుడు ఏ ఊళ్ళో ఉంటోందే?" అని.